ఇంటికి వేడినీటి కాపడము

మన ప్రాంతములలో సంవత్సరమున ఎక్కువ నెలలు ఇంటిని చల్లగా ఉంచుకొనుటయే సమస్య. రోహిణీ కార్తెకు రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. ఇంటిని వెచ్చగా ఉంచుకొను ఉపాయములు మనకు అంతగా అవసరము పడలేదు. అయినను మార్గశిర, పుష్య మాసములలో చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు ప్రాంతపు మన్యము పల్లెలలోను, ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపు గూడెములలోను చలి ఎట్లుండునో అక్కడివారికి తెలియును. కొన్ని సంవత్సరములలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువకు పడిపోవును. అట్టి రాత్రులలో తలుపులు బిగించి, కిటికీలకు గుడ్డలు కుక్కి, గది నడుమ బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించు అలవాటు కొన్ని ఇండ్లలో ఉన్నది. ఈ అలవాటు ప్రాణములు తీయునది.

సంవత్సరములో ఏడెనిమిది నెలలు చలి వదలని దేశములు కలవు. అక్కడివారు కూడ ఒకప్పుడు పడకగదిలోనే నిప్పు పెట్టుకొనెడివారు. తరువాత వారు నిప్పును గది బయటకు పంపి, దాని వేడిని మాత్రము నీటిచేత గదిలోనికి మోయించుకొనుట నేర్చుకొనిరి. ఈ పద్ధతి ఎట్లు పనిచేయును, ఒక దేశపు రైతులు దీనిని ఏ విధముగా వాడుకొనిరి, ఇందులో మనకు పనికివచ్చునది ఏమి అను విషయములను ఈ వ్యాసమున వివరింతుము.

కుంపటిలోని ప్రమాదము

బొగ్గు గాని, కట్టె గాని బాగుగా మండుటకు గాలిలోని ప్రాణవాయువు కావలెను. మూసిన గదిలో ఆ వాయువు తగ్గినకొలది నిప్పు సరిగా మండక, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును ఎక్కువగా విడుచును. దీనికి రంగు లేదు, వాసన లేదు. కన్ను మండదు, దగ్గు రాదు. పొగ వచ్చుచున్నప్పుడు మనిషి తలుపు తీయును. పొగ లేని ఎర్రని కణికలను చూచి మాత్రము ప్రమాదము లేదనుకొనును. నిజమునకు అట్టి కణికలే ఎక్కువ మోసకరములు.

మన రక్తములోని ఎర్రకణములు ప్రాణవాయువును పట్టుకొని శరీరమంతటికి చేర్చును. కార్బన్ మోనాక్సైడు ఆ కణములను ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకొనును. అది అంటుకొనిన చోట ప్రాణవాయువునకు తావుండదు. మొదట తలనొప్పి, కళ్లు తిరుగుట, వాంతి, కాళ్లలో సత్తువ లేకపోవుట కలుగును. మేలుకొని ఉన్నవారు ఈ గుర్తులను బట్టి బయటపడవచ్చును. నిద్రలో ఉన్నవారికి ఆ అవకాశము లేదు. నిద్రలోనే స్పృహ తప్పును.

గదిలో ఒక గిన్నెడు నీళ్లు పెట్టినచో విషవాయువు దానిలో కలిసిపోవునని కొందరు నమ్ముదురు. ఇది సరికాదు. ఈ వాయువు నీటిలో ఇంచుమించు కరుగదు. కిటికీ రెక్క ఒకటి ఓరగా తెరచినచో చాలునను ధీమా కూడ పనికిరాదు. నిద్రించు గదిలో నిప్పు ఉండకపోవుట ఒక్కటే నమ్మదగిన జాగ్రత్త.

నిప్పు వద్దన్నచో చలి మాట ఏమిటని మీరు అడుగవచ్చును. ఇక్కడనే నీటి ఉపయోగము తెలియును.

నీరు వేడిని మోయు తీరు

పొయ్యి మీది నుండి దింపిన ఇనుప పెనము కొద్దిసేపటికే చల్లారును. అదే బరువుగల నీళ్లు చాలసేపు వేడిగా ఉండును. మనము నిత్యము వాడు పదార్థములలో నీటివలె వేడిని దాచుకొనునది మరియొకటి లేదన్నను తప్పులేదు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ చల్లారునప్పుడు విడుచు వేడితో, సుమారు 3,400 లీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడిచేయవచ్చును.

దీనిని ఒక గదికి అన్వయించి చూడుడు. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలో సుమారు 41 ఘనపు మీటర్ల గాలి ఉండును. ఆ గాలిని 10 డిగ్రీలు వెచ్చబరచుటకు, 70 డిగ్రీల వేడిగల నీరు మూడు లీటర్లు 30 డిగ్రీలకు చల్లారినచో చాలును. మూడు చెంబుల నీళ్లకు ఇంత శక్తి ఉన్నదా అని ఆశ్చర్యము కలుగును. కాని ఈ లెక్క గాలికి మాత్రమే. గోడలు, నేల, పైకప్పు కూడ వేడిని తాగును. తలుపు సందులనుండి వెచ్చని గాలి పోయి, చల్లని గాలి వచ్చును. అందుచేత మూడు లీటర్లు ఒకసారి తెచ్చి పెట్టినచో చాలదు. వేడినీరు ఎడతెగక వచ్చుచు, చల్లారిన నీరు ఎడతెగక పోవుచు ఉండవలెను. కోత రోజులలో నిండు బండి కళ్లమునకు వచ్చి, దించుకొని, ఖాళీగా చేనికి మరలిపోవునట్లే నీరు కూడ వేడిని గదిలో దించి, మరల వేడి ఎత్తుకొనుటకు పోవును.

ఏర్పాటులోని భాగములు

స్నానమునకు నీళ్లు కాచు రాగి బాయిలరును మీలో చాలమంది చూచియే ఉందురు. దాని నడుమ గొట్టములో నిప్పు, చుట్టును నీరు, పైన పొగ పోవు దారి, ప్రక్కన కుళాయి ఉండును. ఇల్లు వెచ్చబరచు ఏర్పాటునకు కూడ మూలము ఇట్టిదే. ఇందు ముఖ్యమైన భాగములు ఐదు.

మొదటిది నీరు కాగు బాయిలరు. దీనిని ఇంటి క్రింది భాగమున గాని, ప్రక్కన వేరు గదిలో గాని ఉంచుదురు. కట్టె, బొగ్గు, నూనె, గ్యాసు, విద్యుత్తు వీనిలో ఏది చౌకగా దొరకిన దానితో నడుపుదురు. పొగ, విషవాయువు గొట్టము ద్వారా ఇంటి కప్పు పైకి పోవును.

రెండవది గొట్టముల జత. ఒకటి వేడినీటిని గదులకు తెచ్చును, రెండవది చల్లారిన నీటిని మరల బాయిలరునకు చేర్చును.

మూడవది గదిలోని రేడియేటరు. ఇది ఇనుముతో గాని, ఉక్కు రేకుతో గాని చేసిన పలుచని మడతల పెట్టె. మడతలు ఎక్కువైనకొలది గాలి తగులు చోటు ఎక్కువగును. దీనిని సాధారణముగా కిటికీ క్రింద అమర్చుదురు. కిటికీ అద్దమునుండి దిగు చల్లని గాలిని రేడియేటరు నుండి లేచు వెచ్చని గాలి అచ్చటనే అడ్డగించును. కొన్ని ఇండ్లలో రేడియేటరుకు బదులు నేల గచ్చులోనే గొట్టములను పాము చుట్టలవలె పరచుదురు. నేల అంతయు వెచ్చబడును గనుక దీనికి 35 నుండి 45 డిగ్రీల నీరే సరిపోవును.

నాల్గవది నీటిని తిప్పు బలము. వేడినీరు తేలిక గనుక పైకి పోవును, చల్లని నీరు బరువు గనుక క్రిందికి దిగును. పూర్వపు ఇండ్లలో ఈ స్వభావము మీదనే నీరు తనంతట తాను తిరిగెడిది. మన మేడలమీది సూర్యరశ్మి హీటర్లలో నీరు పలకల నుండి పైనున్న తొట్టికి ఎక్కుట కూడ ఇట్లే జరుగును. నేటి ఇండ్లలో ఒక చిన్న విద్యుత్తు పంపు ఈ పని చేయును.

ఐదవది నీరు పొంగుటకు తగిన చోటు. దీనిని చాలమంది గమనింపరు. 20 డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు కాచినచో 100 లీటర్లకు రెండున్నర లీటర్లకు పైగా పరిమాణము పెరుగును. గొట్టములు పూర్తిగా మూసి ఉన్నచో ఆ పెరిగిన నీటికి చోటుండదు. ఒత్తిడి పెరిగి లోహము పగులును. అందుచేత పైన తెరచిన చిన్న తొట్టి గాని, లోపల రబ్బరు తెర గల డబ్బా గాని పెట్టుదురు. ఒత్తిడి మితిమీరినప్పుడు తనంతట తెరచుకొను రక్షణ కవాటము కూడ ఉండును. నూనె డ్రమ్ములతో, పాత గొట్టములతో సొంతముగా ఇట్టి ఏర్పాటు చేయబోవు వారు ఈ విషయము మరువరాదు. గాలి పోవు దారి లేక మూసిన ఏ పాత్రలోను నీరు కాచరాదు.

ఐస్‌లాండు రైతులు చేసిన పని

బాయిలరులో నీరు కాచుటకు ఇంధనము కావలెను. ఇంధనము లేని దేశమున ఏమి చేయవలెను? దీనికి ఐస్‌లాండు చరిత్ర మంచి సమాధానము.

ఐస్‌లాండు ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ద్వీపము. విస్తీర్ణమున తెలంగాణ కంటె కొంచెము చిన్నది. జనాభా 4 లక్షల లోపే. అక్కడ అడవులు తక్కువ, బొగ్గు గనులు లేవు. ఇండ్లు వెచ్చబరచుకొనుటకు ఎండిన పీట్ మట్టిని, పేడను కాల్చెడివారు. తరువాత ఓడలలో వచ్చు బొగ్గును కొనెడివారు. అయితే అగ్నిపర్వతముల దేశమగుటచే భూమినుండి వేడినీటి ఊటలు అనేక చోట్ల ఉబికివచ్చును. ఆ నీటిలో జనులు వందల సంవత్సరములు స్నానములు చేసిరి, బట్టలు ఉతికిరి. రాజధాని రేక్యావిక్ పేరునకే పొగల అఖాతమని అర్థము. తొలుత వచ్చినవారు చూచిన ఆ పొగ నిజమునకు ఊటల ఆవిరి. పట్టణపు స్త్రీలు ఊరికి సుమారు 3 కిలోమీటర్ల దూరమున ఉన్న ఊటల వద్దకు బట్టల మూటలు మోసికొని నడచెడివారు. వారు నడచిన బాటకు వచ్చిన పేరు నేటికిని ఆ నగరపు ముఖ్య వీధికి నిలిచియున్నది.

ఇన్ని వందల సంవత్సరములు జనులు నీటి వద్దకు నడచిరి గాని, నీటిని ఇంటికి నడిపించవలెనను ఆలోచన ఆచరణలోనికి రాలేదు. ఆ పని చేసినది రైతులే. 1908లో రాజధానికి సమీపమున ఉన్న సుదుర్ రేకిర్ అను చోట స్టెఫాన్ యోన్సన్ అను రైతు ఊటనుండి గొట్టము వేసి వేడినీటిని తన ఇంటిలోనికి తెచ్చుకొని గదులు వెచ్చబరచుకొనెను.

1911లో పశ్చిమ భాగమున ఎర్లెండుర్ గున్నార్సన్ అను మరియొక రైతుకు వేరొక చిక్కు వచ్చెను. అతని ఇల్లు ఊటకంటె కొన్ని మీటర్లు ఎత్తున ఉండెను. పల్లమునుండి నీరు మెరకకు పారదని మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. నీరు ఎక్కకపోయినను ఆవిరి ఎక్కునని అతడు గ్రహించెను. ఊటనుండి వచ్చు ఆవిరిని పట్టి, కాంక్రీటు గొట్టము గుండా పైనున్న ఇంటికి పంపుకొనెను. పంపు లేదు, నూనె లేదు, విద్యుత్తు లేదు. ఆ ఇంటి పొయ్యిలోని నిప్పుతో సంబంధము లేకుండ గదులు వెచ్చబడెను.

పట్టణమంతటికి వేడినీరు

ఒక ఇంటికి సాధ్యమైనది ఊరికి సాధ్యము కాదా అని రేక్యావిక్ పురపాలకులు ఆలోచించిరి. 1928లో బట్టలుతుకు ఊటల సమీపమున బోరు త్రవ్వగా సెకనుకు సుమారు 14 లీటర్ల వంతున, 87 డిగ్రీల వేడిగల నీరు లభించెను. 1930లో అచ్చటినుండి 3 కిలోమీటర్ల గొట్టము వేసి ముందుగా పాఠశాలకు, ఆపై ఆసుపత్రికి, ఈతకొలను భవనమునకు, సుమారు 60 ఇండ్లకు నీటిని అందించిరి. బడికి, ఆసుపత్రికి తొలుత ఇచ్చిన ఈ క్రమము గమనింపదగినది.

ఆ నీరు పట్టణమునకు చాలదు. అందుచేత 1908 నాటి రైతు ఊరైన రేకిర్ ప్రాంతమున మరికొన్ని బోర్లు త్రవ్విరి. రెండవ ప్రపంచ యుద్ధము వలన పని ఆలస్యమయ్యెను. తుదకు 1943లో సుమారు 18 కిలోమీటర్ల గొట్టము ద్వారా నీరు పట్టణము చేరెను. 1945 చివరకు సుమారు 2,850 ఇండ్లకు కలయికలు ఇచ్చిరి. అప్పటి పట్టణ జనాభా సుమారు 44,000. ఊరిపై చలికాలమంతయు కమ్ముకొని ఉండిన బొగ్గు పొగ క్రమముగా విరిసిపోయెను.

తక్కిన దేశములో మాత్రము చాల ఇండ్లు చమురుతోనే వెచ్చబడుచుండెను. 1973లో ప్రపంచమంతట చమురు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ కుటుంబముల ఖర్చు భరింపరానిదయ్యెను. అంతట ప్రభుత్వము బోర్లు త్రవ్వుటకు, గొట్టములు వేయుటకు పెద్దయెత్తున పూనుకొనెను. నేడు ఆ దేశములో నూటికి సుమారు 90 ఇండ్లు భూగర్భపు వేడినీటితోనే వెచ్చబడుచున్నవి.

ఇందులో కొన్ని చిక్కులు లేకపోలేదు. చాల లోతునుండి వచ్చు అతివేడి నీటిలో ఖనిజములు, వాయువులు ఎక్కువగా కరిగి ఉండును. అట్టి నీటిని నేరుగా పంపినచో గొట్టముల లోపల పొర కట్టును, లోహము తినివేయబడును. మన ఉప్పు బోర్ల నీటితో గీజరు కడ్డీలకు తెల్లని పొర పట్టుట మీరెరిగినదే. 1990లో నీటి సరఫరా ప్రారంభించిన నెస్యావెట్లిర్ కేంద్రములో దీనికి చక్కని ఉపాయము చేసిరి. భూగర్భపు నీటిని ఒక ప్రక్కను, శుభ్రమైన చల్లని నీటిని మరియొక ప్రక్కను పారించి, నడుమ లోహపు రేకు ఉంచిరి. రెండును కలియవు, వేడి మాత్రము రేకును దాటి మంచినీటికి చేరును. వేడి పాలగిన్నెను చన్నీళ్ల పళ్లెములో ఉంచి ఆర్చు ఇల్లాలు చేయునదియు ఇదే పని. ఇట్లు వేడెక్కిన మంచినీరు 27 కిలోమీటర్లు ప్రయాణము చేసి నగరము చేరును. గొట్టమునకు వేడి పోనీయని దళసరి కవచము ఉండుటచే దారిలో తగ్గునది సుమారు 2 డిగ్రీలే.

వాడిన నీటిని కూడ వదలరు

ఇంటిలో పని ముగించుకొని వచ్చు నీరు ఇంకను సుమారు 35 డిగ్రీల వెచ్చగా ఉండును. కాలిబాటలమీద, బండ్లు నిలుపు స్థలములలో పేరుకొను మంచును కరగించుటకు ఆ నీటిని నేలక్రింది గొట్టములలో పారింతురు. ఒక నీటికి రెండు పనులు చెప్పుట అన్నమాట.

వ్యవసాయమునకు కూడ ఈ వేడి ఉపయోగపడినది. వేడి నేలలందు బంగాళాదుంప, కూరగాయలు పండించుట అక్కడ ముందునుండి ఉన్నది. 1924లో వేడినీటి గొట్టములతో వెచ్చబరచిన తొలి అద్దాల పందిరి వెలసెను. నేడు హ్వెరాగెర్ది అను ఊరును, మరికొన్ని ప్రాంతములును అట్టి పందిళ్లకు పేరుపొందినవి. బయట మంచు కురియుచుండగా లోపల టమోటా, దోస, మిరప పండుచున్నవి.

మన దేశమున

మన దేశములోను వేడినీటి ఊటలు పెక్కు కలవు. లడఖ్‌లోని పూగా లోయ సముద్రమట్టమునకు 4,000 మీటర్లకు మించిన ఎత్తున ఉన్నది. అక్కడ 1970 దశకములో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ బోర్లు త్రవ్వి పరీక్షలు జరిపినది. చలికాలమున నీరు గడ్డకట్టు అట్టి చోట ఇండ్లు వెచ్చబరచుటకు ఈ నీరు ఎంతయో విలువైనది.

తెలంగాణలో మణుగూరు సమీపమున పగిడేరు వద్ద భూమినుండి వేడినీరు ఉబుకుచున్నది. దీనిని ఆధారముగా చేసికొని సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రమును ప్రయోగముగా నెలకొల్పినది. కాని మణుగూరు ప్రాంతమున ఎండ బాధయే గాని చలి బాధ తక్కువ. చలి ఎక్కువగా ఉన్న లంబసింగి వైపు ఆ నీరు లేదు. వందల కిలోమీటర్ల గొట్టము వేయుట కొన్ని గూడెముల కొరకు గిట్టుబాటు కాదు. ఈ పద్ధతి ఎక్కడ లాభము? వేడి దగ్గరగా ఉండి, చలి దీర్ఘముగా ఉండి, ఇండ్లు గుంపుగా ఉన్నచోట. ఈ మూడును కలియనిచోట ఐస్‌లాండును అనుకరించుట డబ్బు వృథా.

అయినను ఆ కథలోని సూత్రమునకు దేశకాలములతో పనిలేదు. నిప్పు ఒకచోట, నిద్ర ఒకచోట. నడుమ వేడిని మోయునది నీరు. ఈ సూత్రమును పేద ఇంటిలో సైతము పాటింపవచ్చును.

మన ఇండ్లలో చేయదగినది

చలికాలపు రాత్రులకు ఈ క్రింది పద్ధతులు ఖర్చు లేనివి, లేక స్వల్ప ఖర్చుతో కూడినవి.

1. ఇంటి బయట లేక గాలి ఆడు వసారాలో నీరు కాచుకొనుడు. కాగిన నీటిని కొద్దిగా ఆరనిచ్చి రబ్బరు సంచిలో మూడింట రెండు వంతులు పోసి, మిగిలిన గాలిని నొక్కి వెడలించి, మూత గట్టిగా బిగించుడు. సంచిని మందపు గుడ్డలో చుట్టి దుప్పటిలో కాళ్లవైపు పెట్టుకొనుడు. సలసల మరుగు నీటిని పోయరాదు. పసిపిల్లల ఒంటికి, స్పర్శ తెలియని వృద్ధులకు, మధుమేహ రోగుల పాదములకు సంచిని ఆనించరాదు. పడుకొనుటకు ముందు పక్కను వెచ్చచేసి తీసివేయుడు.

2. చలి పైనుండి కంటె నేలనుండి ఎక్కువ వచ్చును. పైన రెండు దుప్పట్లు కప్పుకొని క్రింద పలుచని చాప వేసికొనినచో లాభము లేదు. ఎండిన వరిగడ్డిని దట్టముగా పరచి, పైన గోనెపట్టా, బొంత వేయుడు. వీలైనచో మంచము వాడుడు.

3. గోడకు, కప్పునకు మధ్య నేరుగా మనుషులపైకి గాలి కొట్టు సందులను పడుకొను గదిలో మూయుడు. అయితే నిప్పు ఉన్న గదిలో మాత్రము ఏ సందును మూయరాదు.

4. వంటగదిలోనే పడుకొనవలసి వచ్చినచో, నిప్పు పూర్తిగా ఆర్పి, కణికలను, వేడి బూడిదను బయట పోసి, తలుపు తెరచి గాలి మారిన తరువాతనే పక్క వేయుడు. కణికలపై బూడిద కప్పి ఉంచుట ఆర్పుట కాదు.

5. స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టుకొను అలవాటు పల్లెలకును వచ్చినది. కుంపటికి చెప్పిన ప్రమాదమే దీనికిని ఉన్నది. గీజరును గది వెలుపల, గాలి ఆడు చోట అమర్చి, వేడినీటి గొట్టమును మాత్రము లోనికి తెచ్చుకొనుడు. రాగి బాయిలరును కూడ బయటనే మండించి నీటిని లోనికి మోసికొనుడు.

6. కోళ్ల పెంపకము చేయువారు పిల్లలకు మొదటి వారము సుమారు 35 డిగ్రీల వెచ్చదనము ఇవ్వవలెను. బొగ్గుల బుఖారీ వాడు షెడ్లలో పరదాలు పూర్తిగా దించివేసినచో విషవాయువు నిలువ ఉండి పిల్లలు చచ్చును. బుఖారీకి పొగగొట్టము పెట్టి షెడ్డు బయటకు వదలవలెను. పరదాల పైభాగమున గాలి పోవు చోటు ఉంచవలెను. కావలివాడు ఆ షెడ్డులో నిద్రింపరాదు.

ఎవరైనను కుంపటి ఉన్న గదిలో స్పృహ తప్పి కనబడినచో ముందు తలుపులు, కిటికీలు బార్లా తెరచి, వారిని వెంటనే బయటి గాలిలోనికి తీసికొని రండు. మీరు లోపల ఆలస్యము చేయరాదు. నోటిలో నీళ్లు పోయరాదు. 108కి ఫోను చేసి, బొగ్గు గాలి సోకినదని స్పష్టముగా చెప్పుడు. వైద్యులు ప్రాణవాయువు ఇచ్చుటకు ఈ మాట ఎంతో ఉపకరించును.

విదేశములకు వెళ్లు తల్లిదండ్రులకు

మన రైతు కుటుంబముల పిల్లలు అనేకులు చలి దేశములలో ఉద్యోగములు చేయుచున్నారు. వారిని చూడబోవు పెద్దలు ఐరోపా ఇండ్లలో గోడవార ఉన్న రేడియేటరును చూచి తడి తువాళ్లు ఆరవేయుటకు అనువుగా ఉన్నదనుకొందురు. దానిని గుడ్డలతో పూర్తిగా కప్పినను, మంచము అడ్డముగా జరిపినను వేడి గదిలోనికి రాదు. పైభాగము చల్లగా ఉండి అడుగు మాత్రమే వేడిగా ఉన్నచో లోపల గాలి చేరినదని గుర్తు; ప్రక్కనున్న చిన్న మరను వదులు చేసి గాలి తీసివేసినచో సరియగును. ఇది తెలిసినవారిచేత చేయించుడు. గడ్డకట్టు చలిలో ఇల్లు వదలి ఊరికి పోవునప్పుడు పొదుపు కొరకు వేడిని పూర్తిగా ఆపరాదు. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి సుమారు 9 పాళ్లు ఉబ్బును. గొట్టములు పగిలి ఇల్లు జలమయమగును.

గ్రామాధికారులకు మనవి

మన్యము ప్రాంతపు పంచాయతీ కార్యదర్శులు, ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు కార్తీకము వెళ్లకముందే ఈ విషయమును గ్రామసభలో చెప్పవలెను. ఆశ్రమ పాఠశాలల వసతిగృహములలో రాత్రి పూట కుంపట్లు పెట్టకుండ చూడవలెను. కిటికీలకు రెక్కలు, పిల్లలకు మంచములు, చాలినన్ని కంబళ్లు ఉన్నవో లేవో ముందుగా పరిశీలింపవలెను. వసతిగృహము మేడపై సూర్యరశ్మి హీటరు ఉన్నచో అది పనిచేయుచున్నదా, గొట్టములలో పొర కట్టినదా చూచి బాగుచేయింపవలెను. కూలి పనులకు, యాత్రలకు వచ్చి గుడారములలో, లారీలలో, కొత్త కట్టడపు గదులలో పడుకొనువారు ఎక్కువ ప్రమాదమున ఉందురు. వారికి కూడ ఈ మాట చేరవలెను.

చలి కాచుకొనుట తప్పుకాదు. సాయంకాలము వాకిట నెగడు వేసికొని నలుగురు కూర్చుండి చలి కాగుట మన పల్లెల ఆచారము. ఆరుబయట దానివలన ఈ ముప్పు లేదు. పడక వేళకు ఆ నిప్పును వాకిటనే విడిచి, దానిపై కాగిన నీటి వేడిని మాత్రము ఇంటిలోనికి తెచ్చుకొనుడు.